సూడాన్ విడిపోయి ఇన్నేళ్లయినా...

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో హైస్కూలు పిల్లలకు ప్రపంచ భూగోళంపై క్విజ్ పోటీ విజయవంతంగా జరిగిందని గతవారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు కూడా ఆ పోటీ రాసింది కనుక, వార్తలో లేని సంగతి నేను చెప్పవలసి వస్తోంది.

ఆఫ్రికాలో విస్తీర్ణంలో పెద్ద దేశం ఏదన్న ప్రశ్నకు అమ్మాయి అల్జీరియా అని రాస్తే, ఎర్ర సిరాతో కొట్టేసి పైన సూడాన్ అని దిద్దారు. 2011 జులై 9న దక్షిణ సూడాన్ విడిపోయింది మొదలు, దాదాపు 23.8 లక్షల చదరపు కిలోమీటర్లతో అల్జీరియాయే అక్కడ పెద్ద దేశం. కజకిస్తాన్ రాజధానిగా అల్మాటీని సరైన జవాబు కింద చూపారు. ఆ దేశం 1997లోనే రాజధానిని అక్కడినుంచి మార్చుకుంది. ఇప్పుడు రాజధానిగా ఉన్న అస్తానాకు 2019లో నూర్‌సుల్తాన్ అని పేరు పెట్టి, 2022లో మళ్లీ పాత పేరే ఇచ్చారు. వెళ్లి అడిగితే, "కీలో ఉన్నదాన్నిబట్టే మార్కులు వేశాం, ఇక మార్చడం కుదరదండీ" అన్నారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. తెలిసి రాసిన పిల్లకు తప్పు నేర్పి ఇంటికి పంపడమే నేను సహించలేకపోతున్నాను.

పటాలు మారతాయని మన ఊరికి వేరే ఎవరో చెప్పాలా? మా తాతగారు పుట్టినప్పుడు మా ఇల్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలోకి వచ్చింది. 1992లో గంజాం జిల్లా నుంచి విడదీసిన గజపతి జిల్లాలో చేరింది. సూడాన్ విడిపోయిన ఆ 2011లోనే ఒరిస్సా పేరు ఒడిశాగా మారింది. ఇన్ని మార్పులకూ మా గడప ఉన్నచోటనే ఉంది.

పోటీ జరిగిన హాలు గోడకు ఒక గుడ్డ పటం వేలాడుతోంది. మడతల దగ్గర చిరిగి, కింది కర్ర ఒకవైపు ఊడిపోయిన ఆ పటంలో సోవియట్ యూనియన్ అంతా ఇంకా ఒకే గులాబీ రంగులో ఉంది. అంటే మన జిల్లా పుట్టకముందు అచ్చయిన పటం అది. ఫ్లెక్సీలకూ, శాలువాలకూ, జ్ఞాపికలకూ దొరికిన డబ్బు ఒక్క కొత్త పటానికి దొరకలేదు. ప్రశ్నలు ఏటా పాత గైడ్లలోంచే ఎత్తి రాస్తారు. ముఖ్య అతిథులుగా వచ్చే విద్యాశాఖ అధికారులు బహుమతులు పంచి వెళ్తారే తప్ప, ప్రశ్నపత్రం ఒక్కసారి తెప్పించుకుని చూడరు. దాంతో రాజధానులన్నీ వల్లెవేసిన పిల్లలు కూడా, కలహండి కొండల్లో పుట్టిన వంశధార మన జిల్లా మీదుగా కళింగపట్నం దగ్గర సముద్రంలో ఎలా కలుస్తుందో పటం మీద వేలుపెట్టి చూపలేకపోతున్నారు.

నిర్వాహకులు ఆ రెండు ప్రశ్నలకూ అందరి పత్రాలూ మళ్లీ దిద్ది, సవరించిన ఫలితాలను మీ పత్రికలోనే ప్రకటించాలని కోరుతున్నాను. మా అమ్మాయి జవాబుపత్రం నా దగ్గరే భద్రంగా ఉంది. ఎప్పుడు రమ్మన్నా తీసుకొస్తాను.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా