మన ప్రెస్‌లోకి అల్లుడు, కోడలు వచ్చాక

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఫోన్ చేసిన చాలామంది, "ఇప్పుడు ప్రెస్‌లో ఎవరితో మాట్లాడాలి?" అని అడుగుతున్నారు. అడగడం న్యాయమే. ఇన్నాళ్లూ అన్నీ నేనూ, మా తమ్ముడూ చూసుకున్నాం. ఇప్పుడు మా అల్లుడు, మా తమ్ముడి కోడలు కూడా పనిలో చేరారు.

ఎస్టిమేట్లు, బిల్లులు, బాకీలు కోడలు చూస్తుంది. ఆర్డర్లు, డెలివరీ అల్లుడు చూస్తారు. కాగితం, రంగు, బైండింగ్ విషయంలో చివరి మాట తమ్ముడిదే. రేటు ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. ఒకరు కాదన్న తగ్గింపు ఇంకొకరు ఇవ్వరు, దయచేసి వాళ్లను ఇబ్బంది పెట్టకండి.

బంధుత్వం చూసి కుర్చీ ఇచ్చారా అని కొందరికి అనుమానం. లేదు. అదే పనికి బయటివాళ్లకు ఎంత ఇస్తామో వీళ్లకూ అంతే జీతం. ప్రెస్‌లో వాటాల సంగతి వేరు. అవి నా పేరునా, తమ్ముడి పేరునా ఉన్నాయి. రేపు ఏ ఇంట్లో ఏం జరిగినా, ఎవరి వాటా అయినా మిగతావాళ్లే ముందు కొనుక్కునేలా ఒప్పందం రాసుకున్నాం. కొత్తగా పెళ్లయిన పిల్లల ముందు ఈ మాట ఎత్తడం కష్టమే. కానీ అందరూ బాగున్నప్పుడే రాసుకోవాలి, గొడవొచ్చాక ఎవరూ సంతకం పెట్టరు.

అసలు టెన్షన్ ఇంటి దగ్గర మొదలవుతుంది. నేనూ తమ్ముడూ పొట్లాడుకుంటే సాయంత్రానికి మర్చిపోతాం, చిన్నప్పటి అలవాటు. అల్లుడికీ కోడలికీ ఆ గొడవ సగమే తెలుస్తుంది, అదీ భార్య నోటనో భర్త నోటనో. మేం మర్చిపోయాక కూడా వాళ్ల మనసులో అది ఉండిపోతుంది. అందుకే ఏ నిర్ణయమైనా నలుగురం ప్రెస్‌లోనే కూర్చుని తీసుకుంటున్నాం, రాసి పెట్టుకుంటున్నాం. ఇంకొకటి. అల్లుడి పనిలో తేడా ఉంటే అత్తగారిగా నేను చెప్పలేను, చెబితే అది మా అమ్మాయి కాపురం దాకా వెళుతుంది. కాబట్టి ఆయన పని తమ్ముడు చూస్తాడు, కోడలి పని నేను చూస్తాను.

అల్లుడు వ్యాపారానికి పరాయివాడే అనేవాళ్లకు నేను ఒసాము సుజుకీ పేరు చెబుతాను. జపాన్ కార్ల కంపెనీ సుజుకీ వ్యవస్థాపకుడి మనవరాలిని పెళ్లి చేసుకుని, ఇంటిపేరు కూడా మార్చుకుని, 1958లో ఆయన ఆ కంపెనీలో చేరారు. ప్రెసిడెంట్ అయింది 1978లో. ఆ మధ్యలోని ఇరవై ఏళ్లే నాకు ముఖ్యం. మా అల్లుడికీ, కోడలికీ నేర్చుకోవడానికి అలాంటి సమయం ఇవ్వాలని నా కోరిక.

కొత్త కళ్లతో చూడటం వల్ల మేలూ ఉంది. బంధువుల ఆర్డర్లు వరసలో ముందుకెందుకు జరుగుతున్నాయని కోడలు అడిగింది. ఇకపై ఎవరి పనైనా వచ్చిన వరసలోనే.

అల్లుడి పనిలో లోపం కనిపిస్తే తమ్ముడికి, కోడలి పనిలో అయితే నాకు చెప్పండి. మా ఇంటివాళ్లని మొహమాటపడొద్దు.