శుక్రవారం రెట్రో: ఈసారి సాగర్ థీమ్

అందరికీ నమస్కారం. శుక్రవారం సాయంత్రం 4 గంటలకు మన స్ప్రింట్ రెట్రో, అంటే ఈ విడత (స్ప్రింట్) పని ఎలా సాగిందో అందరం కలిసి చూసుకునే మీటింగ్. "ఏది బాగుంది, ఏది బాలేదు" అని అడిగితే ప్రతిసారీ అవే జవాబులు వస్తున్నాయి. అందుకే ఈసారి బోర్డు మీద నాగార్జునసాగర్ బొమ్మ గీద్దాం. నల్గొండ వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు కదా.

జలాశయం అంటే మనకు వచ్చి పడుతున్న పని. గేట్లు అంటే రివ్యూలు, అప్రూవల్స్. ఎడమ కాలువ అంటే కస్టమర్‌కు చేరిన పని. పూడిక అంటే పేరుకుపోయిన పాత బగ్స్. డ్యామ్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి. మన పనంతా ఒక్క కోడ్ రివ్యూ (రాసిన కోడ్‌ను ఇంకొకరు చూసి సరే అనడం) గేటు నుంచే పోతోంది. పొద్దున పూర్తయిన టికెట్ (ఒక్కో పని) సాయంత్రం దాకా రివ్యూ కాలమ్‌లోనే ఉంటోంది. నా ఉద్దేశంలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి.

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చీటీలు రాయండి. లేకపోతే సీనియర్లు చెప్పిందే అందరి మాట అయిపోతుంది. మనుషుల పేర్లు వద్దు, పని ఎక్కడ ఆగిందో రాస్తే చాలు. చివర్లో రెండే మార్పులు ఎంచుకుని, ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో రాసి వచ్చే స్ప్రింట్‌లో పెడదాం.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు మీ చీటీలు గురువారం రాత్రిలోగా ఇక్కడే పంపండి.