లాస్ వేగాస్‌కు ముందు వచ్చింది రైలు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, కేసినోలకు (జూదశాలలకు) పేరుపడ్డ అమెరికా నగరం లాస్ వేగాస్ మీద వ్యాసం చదివాను. బగ్సీ సీగెల్ అనే గ్యాంగ్‌స్టర్ ఎడారిలో ఫ్లెమింగో హోటల్ కట్టబట్టే ఆ ఊరు పుట్టిందన్నట్టు రాశారు. సినిమా కథగా బాగానే ఉంది. కానీ ఫ్లెమింగో తెరిచింది 1946 డిసెంబరులో. అప్పటికే ఊరికి నలభై ఏళ్లు దాటాయి. పైగా ఫ్లెమింగో ఉన్న ‘స్ట్రిప్’ అనే పెద్ద కేసినోల వీధి లాస్ వేగాస్ నగర హద్దుల్లోకే రాదు.

నేను రైల్వేలో రిటైరైన వాణ్ణి, అందుకే ఈ పట్టింపు. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి, అక్కడ ఊటలున్నాయి. 1905 మే 15న రైలు కంపెనీ స్థలాలు వేలం వేసింది. మరుసటి ఏడాదే స్టేషన్ ఎదురుగా, ఒకటో నంబరు ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో హోటల్ నెవాడా వెలిసింది. పదడుగులకు పదడుగుల గది, రోజుకు డాలరు అద్దె. 1907లో ఫోను పెట్టించుకుంటే దాని నంబరు ఉత్త ‘1’!

1910 అక్టోబరు నుంచి లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో జూదం నిషేధం. 1931లో మళ్లీ అనుమతించారు. తర్వాత ఆ హోటల్ ‘సాల్ సాగెవ్’ అయింది. లాస్, వేగాస్ అనే రెండు మాటల్నీ ఇంగ్లిషులో విడివిడిగా వెనక నుంచి చదవడమే, ఎవరి బుర్రలో పుట్టిందో గానీ. 1955లో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి వచ్చిన భాగస్థులు కింద గోల్డెన్ గేట్ కేసినో తెరిచారు. చివరికి మొత్తానికీ అదే పేరు స్థిరపడింది.

1959లో వాళ్లు మొదలుపెట్టిన రొయ్యల కాక్‌టెయిల్ గురించి చెప్పకపోతే ఎలా? ఐస్‌క్రీం గ్లాసు నిండా చిన్న రొయ్యలు, పైన ఎర్రటి సాస్, ధర 50 సెంట్లు. అడుగున ఆకులు పరిచి గ్లాసు నింపే మోసం లేదు. ఆటకు రప్పించే ఎరే అనుకోండి, అయినా జనం దాని కోసమే వెళ్లేవారు. చాలాకాలం 99 సెంట్లకు అమ్మి, 2017లో ఆపేశారు.

మా అబ్బాయి స్ట్రిప్ చూపిస్తానంటే ముందు ఈ గోల్డెన్ గేట్‌కే తీసుకెళ్లమన్నాను. హోటల్ ఉంది గానీ స్టేషన్ లేదు. ఆ జాగాలో 1971లో యూనియన్ ప్లాజా కేసినో కట్టేశారు. 1997లో ప్యాసింజర్ రైలు కూడా ఆగిపోయింది. నాకైతే ప్రాణం ఉసూరుమంది.

వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. వీలైతే గోల్డెన్ గేట్ ఫొటో కూడా.

– ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్