ఇల్లు ట్రియర్‌లో, జీతం లక్సెంబర్గ్‌లో: 2025 వార్షిక నివేదిక

జర్మనీలోని ట్రియర్‌లో ఉన్న మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సగం పండుగలకే పోతుంది. ఈసారి వాటిని నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి అన్నీ జరిగాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎప్పటిలాగే ఎవరో ఇండియా నుంచి తెచ్చిన సూట్‌కేసులోంచి బయటపడింది. తంగేడు దొరక్క బతుకమ్మను చామంతులతోనే పేర్చారు, అయినా అందంగానే ఉంది. పిల్లల తెలుగు బడి ఆదివారాలు నడుస్తోంది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు.

ఇక అసలు విషయం. ఆఫీసు కాగితాల్లో సాయానికి ప్రతి నెలా మొదటి శనివారం మనం పెట్టే ‘కాగితాల బల్ల’కి ఈ ఏడాది వచ్చినవాళ్ళలో ఎక్కువమందిది ఒకే కథ. దంపతుల్లో ఒకరు పొద్దున్నే ట్రియర్‌లో రైలెక్కి, మోసెల్ నది పక్కనే వెళ్ళి, వాసర్‌బిల్లిగ్ దగ్గర సరిహద్దు దాటి లక్సెంబర్గ్‌లో పని చేసొస్తారు. రెండోవారికి ఇక్కడ ఉద్యోగం పోయింది, లేదా ఇంకా దొరకలేదు. లక్సెంబర్గ్‌కి పక్క దేశాల నుంచి ఇలా వచ్చిపోయేవాళ్ళు 2 లక్షలకు పైనే కాబట్టి ఆఫీసులకు ఈ కథ కొత్త కాదు. కొత్తల్లా మనకే.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయినేడాది నివేదికలో, ‘పిల్లల భత్యం జీతం వచ్చే దేశమే ఇస్తుంది’ అని ఒక్క వాక్యంలో రాసేశాం. రాసింది నేనే. అది సగం నిజం. దాన్ని నమ్మి ఒక కుటుంబం ఇబ్బందిలో పడింది. వాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా చెబుతున్నాను.

భర్త లక్సెంబర్గ్‌లో పని, భార్యకు ట్రియర్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆవిడ పని చేసినన్నాళ్ళూ జర్మనీ కిండర్‌గెల్ట్, అంటే ఇక్కడి పిల్లల భత్యం, ఇచ్చేది, తేడా లక్సెంబర్గ్ వేసేది. తర్వాత ఆవిడ ఉద్యోగం పోయింది. ఇక్కడ కొన్నేళ్ళు చేసినందువల్ల ఆర్బైట్స్‌లోజెన్‌గెల్ట్, అంటే కట్టిన బీమా మీద వచ్చే నిరుద్యోగ భృతి, మొదలైంది. లక్సెంబర్గ్ వాళ్ళ ఫారంలో ‘రెండో తల్లి/తండ్రి ఉద్యోగం చేస్తున్నారా?’ అనే గడి ఉంటుంది. ఆవిడ ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టారు. ఎవరైనా అదే పెడతాం కదా! ఉద్యోగం లేదు, లేదనే రాశారు. దాంతో లక్సెంబర్గ్ మొత్తం భత్యం వేయడం మొదలుపెట్టింది, ఇక్కడి కిండర్‌గెల్ట్ ఆగింది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే డబ్బులో పెద్ద తేడా లేదు మరి.

పది నెలల తర్వాత లక్సెంబర్గ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచినప్పుడు మడతల దగ్గర నలిగిపోయి ఉంది. ఎన్నిసార్లు తీసి చదువుకున్నారో! ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి అని అందులోని సారాంశం.

కిటుకు ఎక్కడుందంటే, మన భాషలో ‘ఉద్యోగం లేదు’ అనే ఒక్క మాట ఇద్దరికీ సరిపోతుంది: ఇంటిపట్టున ఉండేవారికీ, ఉద్యోగం పోయి భృతి తీసుకుంటున్నవారికీ. ఐరోపా నిబంధనకు వీళ్ళిద్దరూ ఒకటి కారు. సామాజిక భద్రతను దేశాల మధ్య సమన్వయం చేసే 883/2004 నిబంధనలో 68వ అధికరణం వరస చెబుతుంది. ఉద్యోగం వల్ల హక్కు వచ్చే దేశం ముందు, నివాసం వల్ల హక్కు వచ్చే దేశం తర్వాత. ఇద్దరూ చెరో దేశంలో ఉద్యోగస్తులైతే పిల్లలున్న దేశం ముందు. రెండో దేశం భత్యం ఎక్కువైతే ఆ తేడా అది వేస్తుంది. 2009లో వచ్చిన ఎఫ్1 అనే నిర్ణయం దీనికి ఒక ముడి వేసింది: కట్టిన బీమా మీద నిరుద్యోగ భృతి తీసుకుంటున్న కాలం కూడా ఉద్యోగం కిందే లెక్క. కాబట్టి ఆ పది నెలలూ ఆవిడ, ఈ నిబంధన కళ్ళకు, ‘ఉద్యోగస్తురాలే’. ముందు ఇవ్వాల్సింది జర్మనీయే.

సరే, ఎవరిస్తే ఏముంది, మొత్తం ఒకటే కదా అంటారు. 2025లో కిండర్‌గెల్ట్ బిడ్డకు నెలకు 255 యూరోలు, లక్సెంబర్గ్ భత్యం 300 దాటింది, ఆరేళ్ళు, పన్నెండేళ్ళు నిండిన పిల్లలకు ఇంకొంత కలుస్తుంది. ఎవరు ముందిచ్చినా చివరికి చేతికి వచ్చేది పెద్ద మొత్తమే. చిక్కంతా తేదీలది. లక్సెంబర్గ్ పది నెలలదీ వెనక్కి అడుగుతుంది. జర్మనీలో మాత్రం కిండర్‌గెల్ట్ బకాయి దరఖాస్తుకు ముందు ఆరు నెలలకే చెల్లిస్తారు. మధ్యలో నాలుగు నెలలు ఇద్దరు పిల్లలకు లెక్కేస్తే 2,040 యూరోలు. ఒక్క టిక్కుకి.

మేం చేసిందేమిటంటే, గడువు దాటకముందే అభ్యంతరం రాయించాం. అదే 883/2004 నిబంధన 68వ అధికరణం ప్రకారం ఒక దేశంలో వేసిన దరఖాస్తు తేదీ రెండో దేశంలోనూ చెల్లుతుంది, కాబట్టి లక్సెంబర్గ్‌లో వేసిన తేదీనే చూడాలని అడిగాం. ఈ నివేదిక రాసేనాటికి జవాబు రాలేదు.

ఇదే లెక్కలో మరో రెండు కొక్కేలున్నాయి. ఇంట్లో ఉండేవారు చిన్న మినీజాబ్ పట్టినా, నెలకు 556 యూరోల (2025 పరిమితి) లోపుదైనా, అది ఉద్యోగమే. వరస మళ్ళీ తిరగబడుతుంది. భృతి గడువు అయిపోయాక ఇంకా పని దొరకకపోతే మళ్ళీ ‘ఉద్యోగం లేని’ మనిషవుతారు, వరస ఇంకోసారి మారుతుంది. అంటే ఒకే ఏడాదిలో రెండు మూడు మార్పులు రావచ్చు. ప్రతి మార్పుకీ రెండు దేశాల ఆఫీసులకీ అదే వారంలో ఉత్తరం వెయ్యండి. ఒకరు రెండోవారికి చెబుతారని కూర్చోవద్దు.

ఇండియాలో ఆరేడేళ్ళు ఉద్యోగం చేసి ఇక్కడికొచ్చిన చెల్లెళ్ళు అడిగిన ప్రశ్న ఇంకొకటి: ఆ ఏళ్ళు భృతికి లెక్కకు వస్తాయా? రావు. లక్సెంబర్గ్‌తో 2011 నుంచి, జర్మనీతో 2017 నుంచి అమల్లో ఉన్న భారత ఒప్పందాలు పెన్షన్ లాంటివాటికే. భృతికి గడిచిన 30 నెలల్లో కనీసం 12 నెలలు బీమా కట్టి ఉండాలి. ఐరోపా సంఘంలో వేరే దేశంలో కట్టినా కలుస్తుంది, హైదరాబాద్‌లో కట్టింది కలవదు. భృతి లేకపోయినా ఉద్యోగాన్వేషకులుగా నమోదు కావచ్చు, సలహా ఉచితం. ఆరోగ్య బీమా భయం అక్కర్లేదు. లక్సెంబర్గ్ వాళ్ళు ఇచ్చే ఎస్1 పత్రం మీద ఇక్కడి క్రాంకెన్‌కాసెలో, అంటే ఆరోగ్య బీమా సంస్థలో, ఇంట్లోవాళ్ళూ చేరతారు. మీకే భృతి వస్తుంటే ఆ కాలానికి మీ పేరు మీదే బీమా ఉంటుంది.

ఇక లక్సెంబర్గ్ ఉద్యోగమే పోతే? ఈ ఏడాది అదీ చూశాం. రోజూ, లేదా వారానికోసారైనా ఇంటికొచ్చే సరిహద్దు ఉద్యోగికి పూర్తిగా పని పోతే భృతి ఇచ్చేది నివాస దేశం, అంటే జర్మనీ. లక్సెంబర్గ్‌లో భృతి శాతం ఎక్కువని విని కొందరు అక్కడికే పరిగెత్తారు. అక్కడినుంచి తెచ్చుకోవాల్సింది, అక్కడ బీమా కట్టిన కాలాన్ని చూపే యూ1 పత్రం. అది లేకపోతే ఇక్కడ ఫైలు కదలదు. జర్మనీ భృతి నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67. లక్సెంబర్గ్ జీతం మీదే లెక్కిస్తారు, ఇక్కడి గరిష్ఠ పరిమితికి లోబడి. ఉద్యోగం పోతోందని తెలిసిన మూడు రోజుల్లో నమోదు కావాలి. ఆలస్యమైతే వారం భృతి కోత. కాంట్రాక్టు ముగింపు ముందే తెలిస్తే మూడు నెలల ముందే చెప్పాలి.

అందరూ తక్కువ గొంతుతో అడిగేది బుర్గర్‌గెల్ట్, అంటే ఆదాయం చాలని ఇళ్ళకు జర్మనీ ఇచ్చే సాయం, గురించి. ‘జీతం లక్సెంబర్గ్‌ది, పన్నూ అక్కడే, జర్మనీ లెక్కలోకి రాదుగా?’ అని. వస్తుంది. ఒకే ఇంట్లో ఉండే దంపతుల ఆదాయమంతా కలుపుతారు, ఎక్కడ సంపాదించినా సరే. పైగా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు దాని మీద ఆధారపడితే నివాస అనుమతి పొడిగింపులో ప్రశ్నలు రావచ్చు. కిండర్‌గెల్ట్, బీమా మీద వచ్చే భృతి తీసుకుంటే ఆ ఇబ్బంది లేదు. ఈ రెంటికీ సంకోచం వద్దు, అవి మన హక్కు. భారత పౌరులకూ ఈ సమన్వయం వర్తిస్తుందని 1231/2010 నిబంధన స్పష్టంగా చెబుతుంది. డెన్మార్క్, స్విట్జర్లాండ్ దానికి బయట. బాసెల్‌కి మారాలనుకుంటున్న ఇద్దరు సభ్యులు ఇది రెండుసార్లు చదవండి.

ఒక శనివారం జరిగింది రాయాలి. భార్య లక్సెంబర్గ్ బ్యాంకులో, భర్తకు ఏడు నెలలుగా చిన్న మినీజాబ్ తప్ప పని లేదు. ఆయన ఫారం చేత్తో పట్టుకుని, ‘తెలుగులో నన్నేమంటారండీ, గృహిణికి మగవాడి మాటేంటి?’ అని నవ్వారు. నవ్వులో నవ్వు తక్కువే ఉంది. మాట దొరకలేదు గానీ, ఆయన మినీజాబ్ సంగతి రెండు ఆఫీసులకీ అప్పుడే రాయించాం.

2024 సెప్టెంబరు 16 నుంచి సరిహద్దులో తనిఖీలు మొదలయ్యాయని తెలుసు కదా. నివాస కార్డు, పాస్‌పోర్టు వెంట పెట్టుకోండి. 2026 జనవరి నుంచి కిండర్‌గెల్ట్ 259. పాత లెక్కలు గోడకు అంటించినవాళ్ళు మార్చుకోండి.

కాగితాల బల్లకి వచ్చేటప్పుడు రెండు దేశాల నుంచీ వచ్చిన ఉత్తరాలన్నీ తేదీ వరసలో తేవాలి, కవర్లతో సహా. గడువు దాటిందో లేదో చెప్పేది కవరు మీది ముద్రే. బల్ల దగ్గర కూర్చోడానికి జర్మన్, ఫ్రెంచ్ రెండూ చదవగలిగేవారు ఇంకొకరు కావాలి. పేరు కార్యదర్శికి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి