పది అయస్కాంతాలన్నారు, నాలుగే ఉన్నాయి: ఒక బెయిట్‌కాస్టింగ్ రీలుపై ఫిర్యాదు

వేళచ్చేరి, చెన్నై
15 నవంబరు 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: సెప్టెంబరు 30న నాకు అందిన ఎడమచేతి బెయిట్‌కాస్టింగ్ రీలు (గేలం కర్రకు బిగించి దారం చుట్టుకునే చక్రం, ధర 2,249 రూపాయలు). ప్రకటనలో చెప్పిన బ్రేకు అందులో లేకపోవడం, వాపసుకు మీరు ఒప్పుకోకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ షాపింగ్ యాప్‌లో తెలుగు కూడా పెట్టారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. మీ చాట్‌లో ఇంగ్లీషులో రెండుసార్లు రాసి చూశాను. మొదటిసారి ప్రాక్టీస్ చేయమన్నారు, రెండోసారి వారంటీ పోయిందన్నారు. ఉత్తరమైతే ఎవరో ఒకరు చివరిదాకా చదువుతారన్న ఆశ.

ముందే ఒక మాట చెప్పాలి. చవక రీలు కొని, ఖరీదైన రీలులా లేదేమని గొడవపడే మనిషిని కాను. నేను గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ ఆపరేటర్ని. రెండు వేలకు ఎలాంటి పనితనం వస్తుందో, పదివేలకు ఎలాంటిది వస్తుందో చేతులతో తెలుసు. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు చెరువుగట్టున వెదురుకర్ర, వానపాము ఎరతో కొరమీను పట్టినవాణ్ని. ఇక్కడికొచ్చాక ఆదివారం పూట ముట్టుకాడు వంతెన దగ్గర గేలం వేయడం ఒక్కటే నాకున్న సరదా. సిగరెట్టు లేదు, మందు లేదు. మా ఆవిడ కూడా ఒప్పుకున్న ఖర్చు ఇదొక్కటే.

ఈ రీలు ఎందుకు కొనాల్సి వచ్చిందంటే, మా సూపర్‌వైజరు గారు రిటైరై ఊరెళ్తూ తన పాత గేలం రాడ్ నాకిచ్చారు. కింద వేలు పట్టుకోవడానికి ట్రిగ్గర్ ఉన్న రాడ్ అది. రీలు దాని మీద పైన కూర్చోవాలి, అంటే బెయిట్‌కాస్టింగ్ రీలే కావాలి. "అది అమ్మేసి పన్నెండొందలు పెట్టి స్పిన్నింగ్ రీలు తీసుకో, తలనొప్పి ఉండదు" అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నిజమే, స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడు దారం చుట్టి ఉన్న స్పూలు తిరగదు, దారం దానంతట అది జారిపోతుంది, చిక్కు తక్కువ. కానీ పెద్దాయన ఇచ్చిన రాడ్ అమ్ముకోబుద్ధి కాలేదు. పైగా ఊరెళ్లినప్పుడు నాచులో కప్ప ఎర వేసి కొరమీనును లావు దారంతో లాగాలంటే ఈ రకమే మేలు.

ఇంటద్దె, పాప స్కూలు ఫీజు, ఊరికి పంపేది పోగా, మూడు నెలల ఓటీ డబ్బులు పక్కన పెడితే 3,000 అయ్యాయి. అందులో దారానికి ఆరొందలు తీసేస్తే రీలుకు 2,400 దాటకూడదు. షిమానో, డైవా, అబు గార్సియా లాంటి పేరున్న కంపెనీల రీళ్లు చూడటం వరకే. నా లెక్కకు అందేవి కావు. డబ్బున్నవాడు పేరు చూసి కొంటాడు. నాలాంటివాడు పేజీలో రాసిన ప్రతి అక్షరం చదివి కొంటాడు. నెలరోజులు రాత్రి భోజనాలయ్యాక అదే పని చేశాను.

బేరింగులు పన్నెండు, పద్దెనిమిది అని కొందరు పెద్దక్షరాలతో వేస్తారు. వాటిని పట్టించుకోలేదు. స్పూలు రెండు కొసలా ఉండే రెండు బేరింగులు బాగుంటే చాలు, మిగతావి హ్యాండిల్ గుబ్బల్లో పెట్టి కూడా లెక్క పెంచొచ్చు. గేరు 7.2 కాకుండా 6.3 ఎంచుకున్నాను. హ్యాండిల్ ఒక్క చుట్టుకు స్పూలు 6.3 చుట్లు తిరుగుతుంది. చవక గేర్ల మీద మరీ స్పీడు పెడితే బరువు పడ్డప్పుడు పళ్లు అరుగుతాయని నా అనుమానం. ఉప్పునీళ్లకు తుప్పు పట్టకుండా గ్రాఫైట్ బాడీ చూసుకున్నాను. కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో తిప్పుతాను కాబట్టి ఎడమ హ్యాండిల్.

ఇవన్నీ కలిసొచ్చిన రీళ్లు మీ దగ్గర మూడున్నాయి. వాటిలో 1,850కి ఒకటి కూడా ఉంది. నాలుగొందలు ఎక్కువ పెట్టి ఇదే తీసుకోవడానికి కారణం మీ పేజీలోని ఒకే ఒక్క వాక్యం: "10 అయస్కాంతాల బ్రేకు, బయటి డయల్‌తో 0 నుంచి 10 వరకు సర్దుబాటు, కొత్తవారికి అనుకూలం." ఆ నాలుగొందలూ ఆ వాక్యానికి కట్టిన ధర. నా ఫిర్యాదు కూడా దాని మీదే.

ఈ బ్రేకు పని మీకు తెలియదని కాదు, ఈ ఉత్తరం ఎవరి బల్ల మీదకు పోతుందో తెలియక రాస్తున్నాను. స్పూలు అల్యూమినియంది, అయస్కాంతానికి అంటుకోదు. అయితే అయస్కాంతాల పక్కన గిర్రున తిరిగేటప్పుడు ఆ లోహంలో సుడి కరెంటు పుట్టి, ఆ తిరుగుడునే అడ్డుకుంటుంది. ఎంత జోరుగా తిరిగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. డయల్ తిప్పితే అయస్కాంతాలు స్పూలుకు దగ్గరగా జరగాలి. ఈ పట్టు లేకపోతే ఎర గాల్లో నెమ్మదించినా స్పూలు నెమ్మదించదు. బయటికి పోవాల్సిన దారం లోపలే ఉబ్బి పిచ్చుక గూడు అవుతుంది. మీ తెలుగు పేజీలో ఈ బ్యాక్‌లాష్‌ను "ఎదురుదెబ్బ" అని రాశారు. నవ్వుకున్నాను గానీ, నా విషయంలో అదే సరైన మాట అయింది.

రీలు వచ్చిన మర్నాడే ఆయుధపూజ. వర్క్‌షాపులో లేత్‌కీ, కొలతలు తీసే వెర్నియర్‌కీ బొట్టు పెట్టి, పక్కనే రీలును ఉంచి దానికీ కుంకుమ పెట్టాను. అక్టోబరు 2న సెలవు, ఇంటి దగ్గరి గ్రౌండులో 12 గ్రాముల బరువు కట్టి విసిరాను. డయల్ 10 మీద ఉంది. హ్యాండిల్ పక్కనున్న టెన్షన్ నాబ్‌ను, బరువు నేలను తాకగానే స్పూలు ఆగేటట్టు బిగించాను. పది మీటర్లు పోలేదు, గూడు. మళ్లీ విసిరాను, మళ్లీ గూడు. మీ పేజీలోనే రాసి ఉంది కదా, మొదటి రెండు వారాలు ఇలా జరగడం మామూలే, బొటనవేలికి అలవాటు కావాలని. సరే, తప్పు నా వేలిదే అనుకున్నాను.

అక్టోబరు 5, ముట్టుకాడు. మూడో విసురుకే దారం ఎంత చిక్కుపడిందంటే గోళ్లతో గంటసేపు లాగినా రాలేదు. వంతెన పక్కన వల విసిరే ముసలాయన వచ్చి చూసి, చేపలు పట్టడానికి వచ్చావా, నూలు వడకడానికి వచ్చావా అని తమిళంలో అడిగి నవ్వాడు. చివరికి బ్లేడు పెట్టి కోశాను. 150 మీటర్ల బ్రెయిడ్ దారంలో అరవై మీటర్లు నేల పాలు. మొత్తం దారం ఖరీదు 590. ఆ రాత్రి ఇంటికెళ్లి, నాకు ఈ పని చేతకాదేమో అని కూడా అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా మైక్రాన్ల లెక్కలో పనిచేస్తున్న చేతులండీ ఇవి.

అక్టోబరు 7తో మీ ఏడు రోజుల వాపసు గడువు అయిపోయింది. ఇక్కడ కాస్త ఆగి చూడండి. రెండు వారాలు ఓపిక పట్టమని చెప్పేదీ మీరే, వారానికి తలుపు మూసేదీ మీరే. మీ మాట విన్నందుకే నాకు గడువు దాటింది. వినకుండా మూడోరోజే తిప్పి పంపినవాడు హాయిగా ఉన్నాడు.

అక్టోబరు 12న మళ్లీ వెళ్లాను. ముందురోజు వానకు నీళ్లు ఎర్రగా ఉన్నాయి, పండుగప్ప మీద ఆశ లేదు, ప్రాక్టీసుకే పోయాను. అక్కడ ఒకతను తన రీలు నా రాడ్‌కు బిగించి విసరమన్నాడు. అదే రాడ్, అదే 12 గ్రాముల ఎర, అదే బొటనవేలు. చక్కగా పాతిక మీటర్లు పోయి పడింది. పదిసార్లు విసిరాను, ఒక్కసారీ గూడు కట్టలేదు. అతను ఏమీ అనలేదు, నా రీలు చెవి దగ్గర పెట్టుకుని స్పూలు తిప్పి, తల అడ్డంగా ఊపి ఇచ్చేశాడు.

ఆ రాత్రి పక్క కవరు తెరిచాను. ఒక్క స్క్రూ, చేత్తోనే వస్తుంది. లోపల నల్ల ప్లాస్టిక్ రింగు, అందులో పది గుంతలు. నాలుగింట్లో మెరిసే బిళ్లలున్నాయి. మిగతా ఆరింట్లో ఎండిన జిగురు చుక్కలు మాత్రమే ఉన్నాయి. చీకట్లో పొరబడ్డానేమో అని మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి సూది తెచ్చి ఒక్కో గుంత మీద పెట్టాను. నాలుగు చోట్ల టక్కున పట్టుకుంది, ఆరు చోట్ల జారిపడింది. తర్వాత డయల్ 0 మీద పెట్టి, కవరు అంచు నుంచి రింగు దాకా లోతు వెర్నియర్‌తో కొలిచాను. స్టీలు కొసను అయస్కాంతం లాగుతుందని ఖాళీ గుంతల పక్కనే ఆనించాను. 6.4 మిల్లీమీటర్లు. డయల్ 10 మీద పెట్టాను. 6.4 మిల్లీమీటర్లు. బయట డయల్ టిక్కు టిక్కుమని తిరుగుతోంది, లోపల రింగు కదలడం లేదు. ఆ టిక్కు శబ్దం కోసం మాత్రం ఒక స్ప్రింగు, బంతి శ్రద్ధగా పెట్టారు.

13న వీడియో, ఫొటోలతో ఫిర్యాదు చేశాను. 16న ప్రాక్టీస్ చేయమని జవాబు. మళ్లీ రాస్తే 29న ఇంకో జవాబు: కవరు తెరిచినందువల్ల వారంటీ చెల్లదట. రీలుతో వచ్చిన మీ పుస్తకం నాలుగో పేజీలో కవరు తెరిచి బేరింగుకు ఒక చుక్క నూనె వేయమని బొమ్మతో సహా ఉంది. ఆ పేజీ ఫొటో ఈ ఉత్తరంతో జతచేశాను. తెరవమని చెప్పి, తెరిచావు కాబట్టి చెల్లదంటే ఎట్లా?

పెట్టె సంగతి కూడా చెప్పాలి. దాని మీద 5,999 ఎమ్మార్పీ స్టిక్కరు తప్ప, దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందన్న వివరం, నెల, సంవత్సరం ఏవీ లేవు. ఇవి పెట్టె మీద ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. నేను ఎవరిని అడగాలో తెలియకుండా చేసేది ఆ ఖాళీయే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే అమ్మినవారు వెనక్కి తీసుకోనని అనడానికి లేదు. మీ నెల 13వ తేదీతో నిండింది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. నా 2,249 రూపాయలు తిరిగి ఇవ్వండి. లేదా పది అయస్కాంతాలూ ఉండి, డయల్‌తో రింగు జరిగే రీలును, పంపే ముందు మీరే తెరిచి చూసి పంపండి. పోయిన దారానికి 236 రూపాయలు లెక్క తేలుతుంది, అదీ ఇవ్వండి. మొత్తం 590 అడగడం లేదు, మిగిలిన తొంభై మీటర్లు నా దగ్గరే ఉన్నాయి. పేజీలోని ఆ అయస్కాంతాల వాక్యాన్ని సరిచేయండి. నాలుగే ఉంటే నాలుగని రాసి 1,850కి అమ్మండి, కొనేవాళ్లు కొంటారు. నవంబరు 30లోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆ తర్వాత చెన్నైలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉండే ఊళ్లోనే వేయొచ్చని, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదని తెలుసుకున్నాకే రాస్తున్నాను.

రీలును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, అదే పెట్టెలో పెట్టాను. తీసుకెళ్లే మనిషిని సాయంత్రం ఆరు దాటాక పంపండి, పగలు షిఫ్టులో ఉంటాను. హ్యాండిల్ మీద కొంచెం ఎర్రటి మరక ఉంటుంది. అది ఆయుధపూజ కుంకుమ, ఎంత తుడిచినా పోలేదు. డ్యామేజీ కింద రాయకండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(ఆర్డర్ రసీదు, వీడియో, ఆరు ఫొటోలు జతచేశాను)