వచ్చే నెల నుంచి మన సర్వర్లలో పాస్‌వర్డ్ లాగిన్ ఉండదు

కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా దగ్గరున్న ఏ సర్వర్‌లోకీ పాస్‌వర్డ్‌తో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లి పని చేసే పద్ధతి) లాగిన్ కుదరదు. కీ అనే డిజిటల్ తాళంచెవి ఉండాల్సిందే. మీ వెబ్‌సైట్లు, మెయిళ్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పటిలాగే నడుస్తాయి. నేరుగా సర్వర్‌లోకి వెళ్లి పని చేసే మీ డెవలపర్లకే ఈ మార్పు. "మా ఒక్కరికి పాస్‌వర్డ్ ఉంచండి" అని కొందరు ఇప్పటికే అడిగారు. కుదరదని చెప్పాను. ఎందుకో అందరికీ చెప్పాలి కదా, అందుకే ఇది రాస్తున్నాను.

కొత్త సర్వర్‌ని ఇంటర్నెట్‌కి కలిపిన కాసేపటికే లాగ్‌లో, అంటే ఎవరు లోపలికి రావాలని చూశారో సర్వర్ రాసుకునే ఫైలులో, "ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ ఇన్‌వాలిడ్ యూజర్ అడ్మిన్" అనే లైన్లు మొదలవుతాయి. అడ్మిన్ అనే యూజర్ పేరు అయ్యాక టెస్ట్, ఆ తర్వాత ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఉబుంటు అనే పేర్లు. మధ్యమధ్యలో రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్. రాత్రంతా వస్తూనే ఉంటాయి. ఎవరో మీ మీద పగబట్టి చేస్తున్న పని కాదిది. కనిపించిన ప్రతి ఐపీ అడ్రస్‌నీ వరసగా ప్రయత్నించే ప్రోగ్రాములు ఇవి. "మాది చిన్న షాపు, మా సర్వర్‌తో ఎవరికేం పని" అనుకోవద్దు. క్రిప్టో మైనింగ్ పెట్టుకోవడానికైనా, ఇంకొకరి మీద దాడికి వాడుకోవడానికైనా వీటిని నడిపేవాళ్లకి ఎవరి సర్వరైనా ఒకటే. షాపు పేరు పక్కన 123 తగిలించిన పాస్‌వర్డ్ వీటి ముందు ఎన్నాళ్లో ఆగదు.

అసలు ఎస్ఎస్‌హెచ్ పుట్టిందే పాస్‌వర్డ్ దొంగతనం వల్ల. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేశారు. దాంతో అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దీన్ని రాశారు. అంతకుముందు వాడే టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఏ దాపరికమూ లేకుండా వైరు మీద వెళ్లేది. దారిలో దొంగిలించడాన్ని ఎస్ఎస్‌హెచ్ ఆపింది గానీ, ఊహించి కొట్టడాన్ని ఆపాలంటే కీ కావాలి. కీ అంటే ఒక జత. పబ్లిక్ కీ తాళంకప్ప లాంటిది, అది సర్వర్‌లో ఉంటుంది. ప్రైవేట్ కీ తాళంచెవి, అది మీ లాప్‌టాప్ దాటకూడదు. లాగిన్ అయ్యేటప్పుడు కూడా సర్వర్‌కి వచ్చేది దానితో చేసిన డిజిటల్ సంతకమే తప్ప ఆ కీ కాదు.

మా వైపు పని పైకి కనిపించినంత తేలిక కాదు. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ లాగిన్‌కి 'నో' అని రాసేసి అయిపోయిందనుకుంటారు చాలామంది. సర్వర్లలో వాడే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ ఫైలు మొదట్లోనే ఇంకో ఫోల్డర్‌లోని చిన్న ఫైళ్లను కలుపుకునే లైను ఉంటుంది. క్లౌడ్ సర్వర్ తయారయ్యేటప్పుడు అక్కడ 'యెస్' అని రాసిన ఫైలు ఒకటి పడి ఉండొచ్చు. ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే ముందు చదివినదే చెల్లుతుంది. అంటే కింద మీరు 'నో' అని ఎంత రాసినా తలుపు తెరిచే ఉంటుంది! అందుకే మేం ఫైలు చూసి వదిలేయం. సర్వర్ నిజంగా ఏ సెట్టింగ్‌తో నడుస్తోందో దాన్నే అడిగి చూస్తాం, ఆ తర్వాత బయటి నెట్ నుంచి పాస్‌వర్డ్‌తో ప్రయత్నించి, రానివ్వలేదని చూసుకున్నాకే టిక్ పెడతాం. అది తేలేదాకా పాత సెషన్ ఒకటి తెరిచే ఉంచుతాం, లేకపోతే మనమే బయట చిక్కుకుంటాం.

ఎస్ఎస్‌హెచ్ మామూలుగా వాడే తలుపు నంబర్, అంటే పోర్ట్ 22, మార్చేస్తే చాలదా అని కూడా అడుగుతున్నారు. మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది, అంతే. నా దృష్టిలో అది భద్రత కాదు. మీ ఆఫీసు ఐపీకే అనుమతి ఇవ్వడం మాత్రం మంచి పద్ధతి, స్టాటిక్ (మారని) ఐపీ ఉన్నవాళ్లకి అదనపు ఛార్జీ లేకుండా చేసిపెడతాం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ మారుతూ ఉంటుంది కాబట్టి అలాంటివాళ్లకి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (సర్వర్ దాకా రహస్యంగా వెళ్లే ప్రైవేట్ దారి) ఇస్తాం.

కీ పెట్టాక ఇక టెన్షనే లేదని మాత్రం నేను చెప్పను. లాప్‌టాప్ పోతే కీ కూడా పోతుంది, అందుకే దానికి పాస్‌ఫ్రేజ్ (ఆ కీ ఫైలుకే పెట్టే పాస్‌వర్డ్) తప్పనిసరిగా పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లోనూ లోపాలు బయటపడుతుంటాయి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో (ఫైళ్లను కుదించే కోడ్) ఎవరో దొంగదారి దాచిపెట్టారని 2024 మార్చిలో తేలింది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయింట్ అనే ఇంజనీరు వెంటపడి తవ్వితే అది బయటపడింది. అదే ఏడాది జులైలో, సర్వర్లలో ఎస్ఎస్‌హెచ్ నడిపే ప్రోగ్రాం ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లోనే ఇంకో పెద్ద లోపం తేలింది. అలాంటప్పుడు ముందుగా చెప్పే టైము లేకుండా అప్‌డేట్ చేయాల్సి వస్తుంది, ఒకట్రెండు నిమిషాలు మీ కనెక్షన్ తెగితే సర్దుకోండి. ఏదైనా చొరబాటు తెలిస్తే 6 గంటల్లో తమకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల్లో ఉంది, లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా. ఆ కబురు వాళ్లతో పాటు మీకూ అందుతుంది, దాచిపెట్టం.

ఇప్పుడు మీరు చేయాల్సింది: మీ డెవలపర్‌తో ఈడీ25519 రకం కీ చేయించి, చివర 'పబ్' అని ఉన్న ఫైలు ఒక్కటే మాకు మెయిల్ చేయండి. తెరిచి చూస్తే అందులో ఒకే లైను ఉంటుంది. 'బిగిన్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ' అని మొదలైతే అది పంపకూడని ఫైలు, వాట్సాప్‌లో కూడా వద్దు. పొరపాటున పంపితే ఆ కీని తీసుకోం, కొత్తది చేయమంటాం. మనిషికో కీ ఉండాలి, ఆఫీసంతటికీ ఒకటి కాదు. ఎవరైనా మీ దగ్గర మానేస్తే అదే రోజు ఫోన్ చేయండి, ఆ ఒక్క కీ తీసేస్తాం. మెయిల్ అందాక మా దగ్గరున్న మీ నంబర్‌కి మేమే ఫోన్ చేసి అది మీరు పంపిందేనా అని అడుగుతాం, విసుక్కోకండి. చేతకాదనిపిస్తే ఏ శనివారమైనా లాప్‌టాప్ తీసుకుని మా ఆఫీసుకి రండి, దగ్గరుండి చేయిస్తాం.