రెండో హెచ్చరికకే సర్వర్లు తరలాలి

సంపాదకులకు నమస్కారం.

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెలను బట్టే లంక గ్రామాల జనాన్ని, పశువులను తరలిస్తారు. డెల్టాలోని ఆసుపత్రులు, సహకార బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాల సర్వర్లకు కూడా ఇలాగే అంకె కట్టి, రెండో హెచ్చరికకే తరలించేలా ఉత్తర్వు ఇవ్వాలని గోదావరి జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాను. తరలించడమంటే యంత్రాలను మోసుకెళ్లడం కాదు, వాటి పనిని మరో ఊళ్లోని సర్వర్లకు మార్చడం.

డేటా ఎప్పటికప్పుడు మరో ఊరికి కాపీ అవుతోంది కదా అన్న ధీమా చాలదు. దూరప్రాంతానికి వెళ్లే కాపీ సాధారణంగా కొన్ని సెకన్లో నిమిషాలో వెనకబడి ఉంటుంది. లైను తెగాక అక్కడ సర్వర్లు లేపితే అలా వెనకబడిన కాసేపట్లో ఇచ్చిన రసీదులు, రాసిన కేస్ షీట్లు ఉండవు. వరద రాకముందే మారిస్తే ఒక్కటీ పోదు. ముందు అప్లికేషన్లు ఆపాలి. డేటాబేస్ రాతలన్నీ డిస్కుకు ఎక్కి, చివరి మార్పు అవతలికి చేరిందని చూసుకున్నాకే ఇక్కడి వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో విడివిడిగా నడిచే కంప్యూటర్లు) ఆపాలి. అక్కడ లాగిన్ సర్వర్, డేటాబేస్, అప్లికేషన్ అన్న వరుసలో లేపాలి. వెబ్‌సైటు పేరుకు సర్వర్ చిరునామా చెప్పేది డీఎన్‌ఎస్; ఆ జవాబును గుర్తుంచుకునే గడువు 24 గంటలుంటే జనం అంతసేపటి వరకూ పాత చిరునామాకే వెళ్లవచ్చు. కాబట్టి మొదటి హెచ్చరికకే, వీలైతే ఇంకా ముందే, ఆ గడువును 5 నిమిషాలకు తగ్గించాలి. తుపానుకైతే వాతావరణ శాఖ 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరికనే గడువుగా తీసుకోవాలి.

రాజమహేంద్రవరానికి కాకినాడను ప్రత్యామ్నాయంగా పెట్టుకోవడం తప్పు. ఒకే తుపాను రెండింటినీ కొట్టగలదు. హైదరాబాద్ లాంటి చోటు కావాలి. అప్పుడు లైను వెడల్పు, అంటే సెకనుకు ఎంత డేటా పంపగలదో, లెక్క చూసుకోవాలి. రోజుకు 200 జీబీ మారుతుందనుకుంటే, 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా దొరికినా దాన్ని పంపడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. 10 టీబీ మొదటి కాపీకి తొమ్మిది రోజులు దాటుతుంది. దాన్ని డిస్కుల్లో పంపడమే నయం.

అసలు ప్రమాదం తిరిగి రావడంలో ఉంది. నీరు తీసి కరెంటు రాగానే ఇక్కడి పాత మెషీన్లు వాటంతటవే లేస్తే రెండు చోట్లా లావాదేవీలు నమోదవుతాయి. తర్వాత ఆ రెండింటినీ కలపడం చేత్తో ఒక్కో ఖాతా సరిచూసే పని. అందుకే కరెంటు రాగానే తమంతట తామే లేచే ఆటోస్టార్ట్ అమరిక తీసేయాలి, నెట్‌వర్క్ పోర్టులు మూసి ఉంచాలి. డిస్కులు బాగుంటే అక్కడి మార్పులు మాత్రమే వెనక్కి తెచ్చుకోవచ్చు. తడిసిపోతే మొత్తం కాపీ మళ్లీ మొదటి నుంచి.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ (రాన్సమ్‌వేర్) పాడుచేసిన ఫైలు కూడా అవతలికి అలాగే కాపీ అవుతుంది. పాత తేదీల స్నాప్‌షాట్లు (ఆయా రోజున డేటా ఎలా ఉందో చూపే నకళ్లు), లైనుకు తగిలించని బ్యాకప్ వేరుగా ఉండాల్సిందే.

జూన్‌లో ఒకసారి, అక్టోబరుకు ముందు మరోసారి, విడిగా కట్టిన నెట్‌వర్క్‌లో సర్వర్లు లేపి చూడాలి. కాన్ఫిగరేషన్‌లో రాసిపడేసిన పాత ఐపీలు (నెట్‌వర్క్ చిరునామాలు), హార్డ్‌వేర్‌కు ముడిపడ్డ లైసెన్సులు అప్పుడే బయటపడతాయి. ఆన్‌లైన్ చెల్లింపులు చూసే పేమెంట్ గేట్‌వే పాత చిరునామాను మాత్రమే అనుమతిస్తే, ఆ సంగతి ఆ సంస్థతో ముందే మాట్లాడి తేల్చుకోవాలి. అర్ధరాత్రి పై అధికారికి ఫోన్ కలవకపోయినా డ్యూటీలో ఉన్న సిబ్బంది తరలింపు మొదలుపెట్టేలా ఆ అధికారం వారికి ముందే రాతపూర్వకంగా ఇచ్చి ఉంచాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం